గ్రిమ్స్‌బీ చేతిలో కూడా ఓడాం, ఇక గర్నాచోని కూడా అమ్మేస్తారా? (2025 ఆగస్టు 28న మొదలైన ఫుట్‌బాల్ అభిమానుల చర్చా దారం)

నిద్రలేని_నాగరాజు
పండగ పూట ఇంట్లో అందరూ పడుకున్నాక రాత్రి పన్నెండున్నరకి సౌండ్ తగ్గించి కూర్చున్నా. పెనాల్టీలు అయ్యేసరికి మూడు కావస్తోంది. 12-11. నాలుగో డివిజన్ జట్టు చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ ఇంగ్లండ్ లీగ్ కప్ (కారబావో కప్) నుంచి ఔట్. పొద్దున లేచి ఫోన్ చూస్తే గర్నాచోని 40 మిలియన్ల పౌండ్లకి చెల్సీకి ఇచ్చేస్తున్నారని వార్త. పోయిన సీజన్ లీగ్‌లో మనం కొట్టినవి 44 గోల్స్, వచ్చిన స్థానం 15. గోల్ కొట్టడం చేతకాని జట్టు 21 ఏళ్ల ఫార్వర్డ్‌ని సాటి ఇంగ్లిష్ క్లబ్‌కే అమ్మడం ఏం తెలివి? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. కోపంగా ఉన్నాను, ముందే చెబుతున్నా.

డల్లాస్_దిలీప్
నిన్న చవితి కదా. చంద్రుణ్ణి చూసి ఉంటావు. నీలాపనిందలు తప్పవు.

నిద్రలేని_నాగరాజు
దిలీప్ అన్నా, కథ కూడా విన్నాను, అక్షింతలు కూడా వేసుకున్నాను. మన గోల్‌కీపర్ ఒనానా వేసుకోలేదేమో.

కాకినాడ_కీర్తన
ఒనానా గురించి మాట్లాడొద్దు. మొదటి గోల్ దగ్గరి పోస్టు వైపు నుంచే పోయింది. రెండోదానికి బంతి కోసం చేయి చాచి గాలిని పట్టుకున్నాడు. అరగంటకే 2-0.

బెజవాడ_బ్రూనో
అమ్మేయాల్సిందే. ఇందులో చర్చ ఏముంది? మే నెల యూరోపా లీగ్ ఫైనల్లో గర్నాచోని 20 నిమిషాలే ఆడించారని ఓడిపోయిన పది నిమిషాలకే మైకు ముందు మేనేజర్ మీద అలిగినవాడు వాడు. ఆ రాత్రే వాళ్ల సోదరుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకో పోస్టు. తర్వాత సెలవుల్లో, మన దగ్గర్నుంచి అప్పు మీద వెళ్లిన రాష్‌ఫర్డ్ పేరున్న ఆస్టన్ విల్లా జెర్సీ వేసుకుని ఫొటో. యునైటెడ్ జీతం తింటూ విల్లా జెర్సీ ఏంటి బాబూ?

నిద్రలేని_నాగరాజు
మాట్లాడింది తప్పే. కానీ అడిగినదాంట్లో తప్పేముంది? ఫైనల్ దాకా ప్రతి రౌండులో ఆడినవాడిని 71వ నిమిషం దాకా బెంచీ మీద ఎందుకు పెట్టారో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. స్పర్స్‌ (టోటెన్‌హామ్)తో 1-0తో ఓడిపోయి యూరప్ మొత్తం పోగొట్టుకున్నాం. దానికి బాధ్యుడు 21 ఏళ్ల కుర్రాడా?

బెజవాడ_బ్రూనో
బాధ్యుడు అని నేనెక్కడన్నాను? జట్టులో ఒక పద్ధతి ఉండాలి అన్నాను. డిసెంబర్‌లో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌కి వాడినీ రాష్‌ఫర్డ్‌నీ పక్కన పెడితే 2-1తో గెలిచాం, మరిచిపోయావా?

కాకినాడ_కీర్తన
ఆ ఒక్క మ్యాచ్ చెప్పుకుని ఎన్నాళ్లు బతుకుతారు? ఈ మేనేజర్ అమోరిమ్ వచ్చాక పోయిన సీజన్‌లో 27 లీగ్ మ్యాచ్‌లు, 27 పాయింట్లు. మ్యాచ్‌కి ఒకటి. ఆ పాయింట్ అన్నా ఎక్కడ దొరికిందో నాకు గుర్తులేదు.

ఆర్సెనల్_అప్పారావు
ఈ దారానికి పాప్‌కార్న్ కావాలి.

డల్లాస్_దిలీప్
అప్పారావు గారూ, మీరు మీ సెకండ్ ప్లేస్ ట్రోఫీ తుడుచుకోండి.

ఉప్పల్_కోచ్
నేను సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతాను కాబట్టి మైదానం వైపు నుంచి ఒక మాట. బ్రూనో చెప్పిన క్రమశిక్షణ, నాగరాజు చెప్పిన అన్యాయం, రెండూ పక్కన పెట్టండి. అమోరిమ్ ఆడించేది 3-4-2-1. వెనక ముగ్గురు, మధ్యలో ఇద్దరు, రెండు అంచుల్లో వింగ్‌బ్యాక్‌లు, ముందు స్ట్రైకర్ వెనక ఇద్దరు పదో నంబర్ ఆటగాళ్లు. ఇందులో వింగర్ అనే ఉద్యోగమే లేదు. గర్నాచో పుట్టు వింగర్. ఎడమ గీత మీద బూట్లకి సున్నం అంటుకునేంత అంచున నిలబడి, బంతి ముందుకు రాగానే డిఫెండర్ మీదికి పరిగెత్తి, కుడికాలి మీదికి కోసుకుని కొట్టడం వాడికి తెలిసిన ఆట. అలాంటివాడిని లోపలికి తెచ్చి, గోల్‌కి వీపు పెట్టి, చుట్టూ ముగ్గురి మధ్య బంతి అందుకుని తిరగమంటే ఎక్కడ తిరుగుతాడు? పోయిన సీజన్ మ్యాచ్‌లు మళ్లీ చూడండి, బంతి కాలికి తగిలిన రెండో క్షణంలోనే మళ్లీ గీత వైపు వెళ్లిపోతుంటాడు. అక్కడ అప్పటికే వింగ్‌బ్యాక్ నిలబడి ఉంటాడు. ఇద్దరూ ఒకే చోట, వాళ్లని కాసేది ఒక్క డిఫెండర్. ఎదుటి జట్టుకి అంతకంటే సుఖం ఏముంది?

ఇది కుర్రాడి తప్పూ కాదు, నిజం చెప్పాలంటే మేనేజర్ తప్పు కూడా కాదు. ఆ మేనేజర్‌ని ఈ జట్టుకి తెచ్చినవాళ్ల తప్పు.

వరంగల్_వింగర్
కోచ్ అన్న పోస్టుకి దండం. నా పేరు చూసైనా నా మీద జాలి పడండి, ఈ సిస్టమ్‌లో నాకు కూడా చోటు లేదు.

బెజవాడ_బ్రూనో
కోచ్ గారూ, అమాద్ కూడా వింగరే కదా? వాడు లోపల ఆడాడు, వింగ్‌బ్యాక్‌గా కూడా ఆడాడు, నోరు మూసుకుని నేర్చుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఎలా?

ఉప్పల్_కోచ్
అమాద్‌కి ఇరుకులో తిరగడం వచ్చు, ఎడమకాలి వాడు, కుడివైపు నుంచి లోపలికి వస్తాడు, ఒంటి బ్యాలెన్స్ వేరు. అందరికీ అన్నీ రావు. 58 మ్యాచ్‌ల్లో 11 గోల్స్, 10 అసిస్ట్‌లు ఇచ్చినవాడిని ఆడలేనివాడు అనడం మాత్రం న్యాయం కాదు.

నీలి_గంగాధర్
చెల్సీ అభిమానిగా చెబుతున్నాను, మాకు ఇవ్వండి, మేం చూసుకుంటాం. నాలుగు డిఫెండర్లు, రెండు అంచుల్లో నిజమైన వింగర్లు, మా దగ్గర వాడికి ఉద్యోగం ఉంది.

కాకినాడ_కీర్తన
గంగాధర్, మీ దగ్గర ఉద్యోగం కాదు, హాస్టల్ ఉంది. నెటో ఉన్నాడు, గిట్టెన్స్‌ని ఇప్పుడే కొన్నారు, ఎస్తెవావ్ వచ్చాడు. ఒక్కొక్కరికి ఏడేళ్ల కాంట్రాక్టు ఇచ్చి గదిలో పడుకోబెడతారు. సాంచోని పోయిన ఏడాది మా దగ్గర్నుంచి అప్పు తీసుకుని, చివరికి కొనలేక 5 మిలియన్లు జరిమానా కట్టి మరీ తిరిగి పంపించారు.

నీలి_గంగాధర్
సాంచో మాటెత్తకు తల్లీ. జరిమానా కట్టిన రోజు మేం స్వీట్లు పంచుకున్నాం. అయినా క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్లో పీఎస్‌జీని 3-0 కొట్టిన జట్టుతో మాట్లాడుతున్నావని గుర్తుంచుకో.

లెక్కల_లక్ష్మణ్
ఎవరూ అసలు విషయం మాట్లాడటం లేదు. ఆట కాదు, ఖాతా పుస్తకం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ప్రీమియర్ లీగ్ రూల్ ప్రకారం మూడేళ్లలో క్లబ్ నష్టం 105 మిలియన్ల పౌండ్లు దాటకూడదు. ఆటగాడిని కొంటే ఆ ఖర్చు కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి రాసుకోవచ్చు, గరిష్ఠంగా ఐదేళ్లు. ఫార్వర్డ్ కున్యాని 62.5 మిలియన్లకి కొన్నాం, ఐదేళ్లకి పంచితే ఏడాదికి 12.5 మాత్రమే పుస్తకంలో పడుతుంది. అమ్మేటప్పుడు మాత్రం మిగిలిన విలువ తీసేస్తే వచ్చేదంతా అదే ఏడాది లాభం. ఇప్పుడు మన వింగర్ ఆంటొనీని చూడండి. 2022లో సుమారు 80 మిలియన్లు పోశారు, ఏడాదికి 16 చొప్పున మూడేళ్లు పోయినా పుస్తకంలో ఇంకా 32 దాకా ఉంది. 20కి అమ్మితే చేతికి డబ్బు వచ్చినా పుస్తకంలో నష్టమే. గర్నాచోని 2020లో అట్లెటికో అకాడమీ నుంచి తెచ్చినప్పుడు ఇచ్చింది 5 లక్షల పౌండ్ల లోపే. ఈరోజు 40 మిలియన్లకి అమ్మితే దాదాపు మొత్తం లాభం కిందే రాసుకోవచ్చు. మన లెక్కలో 470 కోట్ల రూపాయలు.

అంటే ఏమైందంటే, తప్పుగా కొన్నవాళ్లని అమ్మితే పుస్తకం మురిగిపోతుంది, ఇంట్లో పెరిగినవాడిని అమ్మితే పుస్తకం మెరుస్తుంది. ఈ రూల్ ఉన్నంతకాలం ప్రతి క్లబ్ ముందు సొంత పిల్లల్నే సంతకి తోలుతుంది. మెక్‌టొమినేని అలాగే అమ్మారు, ఎలాంగాని అలాగే అమ్మారు.

వరంగల్_వింగర్
పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు.

లెక్కల_లక్ష్మణ్
అదే. నాపోలీకి 25 మిలియన్లకి ఇచ్చిన మెక్‌టొమినే మొదటి ఏడాదే లీగ్ గెలిపించి ఇటలీలో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. ఫారెస్ట్‌కి 15కి ఇచ్చిన ఎలాంగాని రెండేళ్లు తిరక్కముందే న్యూకాసిల్ 50 పైన పెట్టి కొనుక్కుంది.

బెజవాడ_బ్రూనో
లక్ష్మణ్ గారూ, ఒకటి అడుగుతాను. లాభమే ముఖ్యమైతే 40కి ఎందుకు? ఇంకా ఎక్కువ లాగొచ్చు కదా?

లెక్కల_లక్ష్మణ్
ఎలా లాగుతారు? మే నెలలోనే అందరి ముందూ వేరే క్లబ్ చూసుకో అన్నారు. ఆఖరి లీగ్ మ్యాచ్ జట్టులో పేరే లేదు. అమెరికా టూర్‌కి తీసుకెళ్లలేదు. రాష్‌ఫర్డ్, ఆంటొనీ, సాంచో, మలాసియాతో కలిపి ఐదుగురినీ వేరే టైములో ప్రాక్టీసుకి రమ్మన్నారు. ఈ సరుకు మాకొద్దు అని ఊరంతా దండోరా వేశాక కొనేవాడు ధర పెంచుతాడా? పైగా కుర్రాడు చెల్సీ తప్ప ఎక్కడికీ పోనన్నాడు. బేరం అక్కడే ముగిసింది.

సాల్ఫర్డ్_సుబ్బు
నేను ఇక్కడే సాల్ఫర్డ్‌లో ఉంటాను, స్టేడియానికి ట్రామ్‌లో వెళ్లొచ్చు. లెక్కల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. టికెట్ 66 పౌండ్లు చేశారు, పిల్లలకి ముసలివాళ్లకి తగ్గింపు కూడా లేకుండా. వందల మంది ఉద్యోగుల్ని తీసేశారు. ఉన్నవాళ్లకి ఉచిత భోజనం ఆపేసి స్టేడియంలో పండు చేతిలో పెట్టారు. అన్ని పొదుపులు చేసి ఈ వేసవిలో కున్యా, ఎంబ్యూమో, షెష్కోల మీద 200 మిలియన్ల దాకా పెట్టారు. ఆ ముగ్గురి మీద నాకు కోపం లేదు, ఎంబ్యూమో నిన్న గోల్ కూడా కొట్టాడు. కానీ స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్‌లో నా పక్క సీటు పెద్దాయన ఒకటే అంటాడు, అకాడమీ కుర్రాడు ఒక్కడైనా మైదానంలో ఉంటే ఓడినా ఇంటికి వెళ్లబుద్ధవుతుంది అని. అకాడమీ కుర్రాడు మైనూ నిన్న ఆడాడు, కానీ వాడి సంగతి కూడా రేపోమాపో ఇంతే అనిపిస్తోంది.

డల్లాస్_దిలీప్
పండు అంటే ఏ పండు? చవితి ప్రసాదం ఏమైనా మిగిలిందా?

సాల్ఫర్డ్_సుబ్బు
వెలక్కాయ మాత్రం కాదు దిలీప్. అది గొంతులో పడింది మనకే.

పాత_హెచ్‌ఎఫ్‌సీ
మీ బాధలు చూస్తుంటే నవ్వొస్తోంది, ఏమనుకోకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ మాది. 2022లో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తాం, మా కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, ఆ రాత్రి మా గ్యాంగ్‌లో ఎవరూ పడుకోలేదు. రెండేళ్లలో ఏమైంది? జీతాలు అందడం లేదని ఒక్కొక్కరే బయటపడ్డారు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం, పిల్లల జట్టుతో ఆడి అట్టడుగున ముగించాం. లిస్టన్ కొలాసో అనే కుర్రాడు మా జెర్సీలోనే వెలుగులోకి వచ్చాడు, 2021లోనే కోల్‌కతా వాళ్లు పెద్ద రేటు పెట్టి పట్టుకుపోయారు. ఇప్పుడైతే అసలు ఐఎస్‌ఎల్ ఈ ఏడాది ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. మీకు కనీసం ఓడిపోవడానికి ఒక లీగ్ ఉంది.

కాకినాడ_కీర్తన
అన్నా, ఈ దారంలో గెలిచింది నువ్వే. నీ బాధ ముందు మాది జలుబు.

ఉప్పల్_కోచ్
హెచ్‌ఎఫ్‌సీ అన్న చెప్పింది నవ్వులాట కాదు. మా దగ్గర ఒక బాబు ఉండేవాడు, పద్నాలుగేళ్లు, మెరుపు వేగం. ఒక పేరున్న అకాడమీకి వెళ్లాడు. అక్కడ వింగర్లు ఎక్కువయ్యారని రైట్‌బ్యాక్ ఆడించారు. ఆర్నెల్లకి వాళ్ల నాన్న ఫోన్ చేసి, సార్ వీడు బాల్ అడగడం మానేశాడు అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. గర్నాచో కథలో నాకు కనిపించేది అది. ఏప్రిల్ నుంచి ఆ కుర్రాడు చేయెత్తి బాల్ అడగడం తగ్గించేశాడు, గమనించారా?

బెజవాడ_బ్రూనో
గమనించాను. సోషల్ మీడియాలో మాత్రం అడగడం తగ్గించలేదు. 2024లో బోర్న్‌మత్ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కి తీసేస్తే అప్పటి మేనేజర్ టెన్ హాగ్‌ని తిట్టిన పోస్టులకి లైకులు కొట్టి తర్వాత సారీ చెప్పింది ఎవరు? ఇద్దరు మేనేజర్లు, ఒకటే గొడవ. మధ్యలో ఉన్నది ఎవరు?

నిద్రలేని_నాగరాజు
సరే బ్రూనో. నువ్వు వాడి లైకులు లెక్కపెట్టావు, నేను గోల్స్ లెక్కపెడతాను. ఎవర్టన్ మీద ఆ బైసికిల్ కిక్, ఏడాదిలో బెస్ట్ గోల్‌కి ఇచ్చే పుష్కాష్ అవార్డ్ వచ్చింది దానికి. డాలో క్రాస్ వాడి వెనక పడింది, నాలుగడుగులు వెనక్కి నడిచి, గోల్‌కి వీపు పెట్టి గాల్లోకి లేచి కొట్టాడు. 2024 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో సిటీ మీద మొదటి గోల్ వాడిది, రెండోది మైనూది. ఇద్దరూ టీనేజర్లు. ఆ రోజు మనందరం ఇదే వేదిక మీద పదేళ్లకి సరిపడా జట్టు దొరికింది అని రాసుకున్నాం. పదేళ్లు కాదు, పదిహేను నెలలకే ఒకడు ఔట్.

ఆర్సెనల్_అప్పారావు
2014లో మీ స్ట్రైకర్ వెల్‌బెక్‌ని మాకిచ్చి, ఆ తర్వాతి మార్చిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే ఎఫ్‌ఏ కప్ క్వార్టర్స్‌లో వాడి చేతే ఓడారు. ఊరికే గుర్తొచ్చి చెబుతున్నా.

కాకినాడ_కీర్తన
అప్పారావు గారు నవ్వుతూ కారం చల్లుతారు.

వరంగల్_వింగర్
మనవాళ్లకి అర్థమయ్యే ఉదాహరణ వార్నర్. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చినవాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి, తర్వాత జట్టులోంచే తీసేశారు. బౌండరీ దగ్గర నీళ్లు మోస్తుంటే చూడలేకపోయాం. తర్వాతి ఏడాది ఢిల్లీ 6.25 కోట్లకి తీసుకుంది, మన మీదే 92 నాటౌట్ కొట్టాడు. ఆ రోజు నేను ఎవరి వైపు ఉన్నానో చెప్పను.

బెజవాడ_బ్రూనో
వార్నర్ అప్పటికే అన్నీ గెలిచినవాడు. వీడు ఇంకా పెద్దగా ఏం గెలవకముందే అలక. పోల్చొద్దు.

వరంగల్_వింగర్
నేను ఆటగాడిని పోల్చలేదు బ్రదర్. పంపించిన తీరుని పోల్చాను.

సాల్ఫర్డ్_సుబ్బు
నిన్న ఒక సీన్ చూశారా? వర్షం దంచుతోంది, 2-0 వెనకబడి ఉన్నాం, అమోరిమ్ డగౌట్‌లో ఒళ్లో చిన్న బోర్డు పెట్టుకుని రంగు బిళ్లలు అటూ ఇటూ జరుపుతున్నాడు. ఎన్నిసార్లు జరిపినా మళ్లీ అవే మూడు, నాలుగు, రెండు, ఒకటి. నా పక్కన ఉన్న తెల్లాయన టీవీ వైపు చూసి, దాన్ని తీసుకెళ్లి సముద్రంలో వెయ్యండిరా, గ్రిమ్స్‌బీలో సముద్రం పక్కనే ఉంది అన్నాడు.

డల్లాస్_దిలీప్
నిమజ్జనం.

కాకినాడ_కీర్తన
దిలీప్ 😂 ఇక చాలు.

నిద్రలేని_నాగరాజు
బోర్డు సంగతి సరే, పెనాల్టీలు? కున్యా ఐదోది వేస్తే ఇంటికి పోయేవాళ్లం. కీపర్ ఆపాడు. తర్వాత ఒక్కొక్కరే, ఒక్కొక్కరే, రెండో రౌండు మొదలైంది. ఎంబ్యూమో కొట్టింది బార్‌కి తగిలి పైకి లేచినప్పుడు మా ఇంట్లో పాలవాడి బెల్ మోగిందనుకున్నాను, నా ఫోన్‌లో అప్పారావు గారి మెసేజ్.

ఆర్సెనల్_అప్పారావు
స్నేహితుడు మేలుకుని ఉన్నాడో లేదో కనుక్కోవడం తప్పా?

లెక్కల_లక్ష్మణ్
అందరూ అమోరిమ్ మీద పడుతున్నారు, నేను ఒక్క మాట ఆయన వైపు. ఈ జట్టు ఆయన కొన్నది కాదు. ఒక మేనేజర్ నాలుగు డిఫెండర్ల ఆటకి కొన్నవాళ్లతో ఇంకో మేనేజర్ ముగ్గురి ఆట ఆడిస్తున్నాడు. నాగరాజు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది: గర్నాచోని అమ్మడం తప్పు కాదు, ఈ సిస్టమే ఉంచేటట్లయితే. కానీ సిస్టమ్ రేపు పోతే? ఏడాదిలో ఇంకో మేనేజర్ వచ్చి నాకు ఎడమవైపు పరిగెత్తే వింగర్ కావాలి అంటాడు. అప్పుడు 70 పెట్టి కొంటాం. కొండ నాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడుతుంది.

ఉప్పల్_కోచ్
దీనికి నేను సంతకం పెడతాను.

బెజవాడ_బ్రూనో
నేను పెట్టను. మేనేజర్ మారినా అలక మారదు. రాసిపెట్టుకోండి, చెల్సీలో కూడా క్రిస్మస్ లోపు బెంచీ మీద ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు.

నీలి_గంగాధర్
రాసిపెట్టుకున్నా.

సాల్ఫర్డ్_సుబ్బు
శనివారం అప్‌డేట్. చెల్సీ అధికారికంగా ప్రకటించింది, 2032 దాకా కాంట్రాక్టు. మళ్లీ అమ్మితే మనకి 10 శాతం వాటా ఉంటుందట. మనం అదే రోజు బర్న్‌లీని 3-2తో గెలిచాం, మన కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెజ్ 97వ నిమిషంలో పెనాల్టీ. నేను స్టేడియంలోనే ఉన్నాను. గెలిచాక కూడా జనం పాట పాడలేదు, ఊపిరి పీల్చుకున్నారు.

నిద్రలేని_నాగరాజు
144 మ్యాచ్‌లు, 26 గోల్స్. పోనీలెండి, బాగుపడాలి. మా మీద మాత్రం కొట్టకూడదు.

కాకినాడ_కీర్తన
కొడతాడో లేదో త్వరలోనే తెలుస్తుంది. సెప్టెంబర్ 20, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మనకి చెల్సీతోనే మ్యాచ్. అప్పు మీద పంపినవాడు కాదు, అమ్మేశారు, కాబట్టి ఆడొచ్చు.

నీలి_గంగాధర్
ఆ రోజు గచ్చిబౌలి వైపు ఎవరైనా స్క్రీనింగ్ పెడుతున్నారా? ఒక్కడినే నీలం జెర్సీలో వస్తాను, కొట్టనంటే.

బెజవాడ_బ్రూనో
రా. టీ నా ఖర్చు. గర్నాచో గోల్ కొడితే బిర్యానీ కూడా నాదే, కానీ అలిగి ముందే లోపలికి వెళ్లిపోతే నువ్వు పెట్టాలి.

నీలి_గంగాధర్
ఒప్పుకున్నా. డబుల్ మసాలా.

అడ్మిన్
స్క్రీనింగ్ ఏర్పాట్లకి వేరే దారం తెరిచాను, పేర్లు అక్కడ ఇవ్వండి. అప్పారావు గారూ, మీరు కూడా రావచ్చు, ఫోన్ బయట పెట్టాలి.